నలుగురిలోనా... నాలుగు గోడల మధ్యా?

ఆటగాడు తప్పు చేస్తే చెప్పాల్సింది కోచే. గట్టిగా చెప్పాల్సి వస్తే గట్టిగానే చెప్పాలి. కానీ ఎక్కడ? డ్రెస్సింగ్ రూమ్‌లోనా, సాటి ఆటగాళ్లంతా చూస్తుండగా ప్రాక్టీసులోనా, ప్రెస్‌మీట్‌లో మైకుల ముందా? మేటి క్రీడాకారుల కెరీర్లు మలుపు తిరిగిన సందర్భాలను తరచి చూస్తే, అన్న మాటతో పాటు అన్న చోటు కూడా అంతే పని చేసిందని తెలుస్తుంది.

2024 మే 8, ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్. ముందు బ్యాటింగ్ చేసిన లఖ్‌నవూ సూపర్ జెయింట్స్ 20 ఓవర్లలో 165 పరుగులు చేసింది. సన్‌రైజర్స్ ఓపెనర్లు ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఆ లక్ష్యాన్ని ఒక్క వికెట్టూ పడకుండా 9.4 ఓవర్లలో ఊదేశారు. హైదరాబాద్ అభిమానులకు అది పండగ రాత్రి. అయితే దేశమంతా మర్నాడు మాట్లాడుకున్నది మ్యాచ్ ముగిశాక బౌండరీ పక్కన కనిపించిన ఓ దృశ్యం గురించి. లఖ్‌నవూ యజమాని సంజీవ్ గోయెంకా చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నారు. ఎదురుగా కెప్టెన్ కె.ఎల్.రాహుల్ నిలబడి వింటున్నాడు. ఒక్క మాటా వినిపించలేదు. కెమెరా మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. ఇలాంటి సంభాషణలు తలుపు వేసుకుని చేసుకోవాల్సినవని కామెంటరీ చెబుతున్నవాళ్లే అన్నారు.

కొద్దిరోజులకు గోయెంకా రాహుల్‌ను భోజనానికి పిలిచారు. ఇద్దరూ ఆలింగనం చేసుకున్న ఫొటో బయటికొచ్చింది. ఆ ఏడాది చివర్లో జరిగిన వేలానికి ముందు లఖ్‌నవూ రాహుల్‌ను అట్టిపెట్టుకోలేదు. దిల్లీ క్యాపిటల్స్ 14 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఆ రాత్రి మాటలకూ ఈ విడిపోవడానికీ లంకె ఉందో లేదో వాళ్లిద్దరికే తెలియాలి. గోయెంకా కోచ్ కూడా కాదు, యజమాని. అయినా కోచింగ్‌లో ఉన్నవాళ్లందరూ ఆ వీడియో నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ మాట ఎవరికీ వినపడలేదు. వేల మంది కళ్ల ముందు, ఓడిన అయిదు నిమిషాలకే మందలిస్తున్నట్టు కనిపించడమే చాలింది.

నలుగురిలో మాట పడ్డవాడి బుర్రలో ముందు తిరిగేది తను చేసిన తప్పు కాదు, చూసినవాళ్ల మొహాలు. ఎవరెవరు విన్నారు, రేపు జట్టులో కుర్రాళ్లు తన మాట లెక్కచేస్తారా, ఇంట్లో టీవీ పెట్టుకుని ఉన్నారా... ఈ లెక్కలన్నీ తేలాక గానీ ఫుట్‌వర్క్ సంగతి గుర్తుకు రాదు. పైగా ప్రొఫెషనల్‌కు ఆట జీవనోపాధి. వేలంలో ధర, బోర్డు కాంట్రాక్టు, వాణిజ్య ప్రకటనలు అన్నీ అతని మీదున్న నమ్మకం మీదే నడుస్తాయి. కోచ్ మైకు ముందు పెదవి విరిస్తే ఆ విరుపును మిగతా జట్ల యజమానులూ చూస్తారు.

ఒక్క జవాబు ఖరీదు

2021 జూన్ 20. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ సొంతగడ్డపై అట్లాంటా హాక్స్ చేతిలో ఏడో మ్యాచ్ ఓడి ప్లేఆఫ్స్ నుంచి నిష్క్రమించింది. అందరి వేళ్లూ బెన్ సిమన్స్ వైపే చూపించాయి. 2016 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన ఆటగాడతను. ఆ ప్లేఆఫ్స్‌లో 73 ఫ్రీ త్రోలు వేస్తే 25 మాత్రమే బుట్టలో పడ్డాయి. ఆ చివరి మ్యాచ్ ఆఖరి క్వార్టర్‌లో బుట్ట కింద చక్కటి అవకాశం దొరికినా, బంతి వేయకుండా సహచరుడికి అందించేశాడు.

మ్యాచ్ అయ్యాక విలేకరులు కోచ్ డాక్ రివర్స్‌ను అడిగారు: టైటిల్ గెలవాలనుకునే జట్టుకు సిమన్స్ పాయింట్ గార్డుగా పనికొస్తాడా అని. ఆ ప్రశ్నకు ఇప్పుడు తన దగ్గర జవాబు లేదన్నారు రివర్స్. ఆ సీజనంతా సిమన్స్‌ను మీడియా ముందు వెనకేసుకొచ్చింది ఆయనే. ఓటమి బాధలో, అలసటలో వచ్చిన నిజాయతీ గల జవాబే అది. కానీ సిమన్స్ ఆ జట్టు తరఫున మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తనను వేరే జట్టుకు పంపమని పట్టుబట్టి కూర్చున్నాడు. 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌కు వెళ్లిపోయాడు. అంతా ఆ ఒక్క మాట వల్లేననడం అన్యాయం. అయితే తొమ్మిది నెలలు కాచిన నమ్మకం చెదిరిపోవడానికి ఒక్క జవాబు సరిపోయిందన్నది మాత్రం నిజం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఎవర్టన్‌తో 1-1 డ్రా తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ జోసె మౌరిన్యో తన డిఫెండర్ ల్యూక్ షా గురించి మాట్లాడారు. కుర్రాడు బాగా ఆడాడు గానీ ఒళ్లు అతనిదైతే బుర్ర తనదని, గీత పక్కన నిలబడి నిర్ణయాలన్నీ తనే చెప్పాల్సి వచ్చిందని అన్నారు. షాకు అప్పటికి 21 ఏళ్లు. అంతకు ఏడాదిన్నర ముందే కాలు రెండు చోట్ల విరిగి, తిరిగి నిలదొక్కుకుంటున్నాడు. మౌరిన్యో వెళ్లిపోయిన తర్వాతే అతని ఆట విప్పారింది. 2021 జులైలో వెంబ్లీలో జరిగిన యూరో ఫైనల్లో, రెండో నిమిషంలోనే ఇంగ్లండ్‌కు గోల్ కొట్టింది ఈ షానే.

మౌరిన్యో మాటలో దిద్దుకోవడానికి ఏముంది? ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ముందుకెళ్లాలి అన్నది చెబితే కుర్రాడు నేర్చుకుంటాడు. బుర్ర లేదంటే ఏం చేస్తాడు? బహిరంగ విమర్శకు ఉన్న పెద్ద జబ్బు ఇదే. మైకు ముందు సాంకేతిక వివరం చెప్పే తీరిక ఉండదు, వినే ఓపికా ఉండదు. అందుకే మాట చప్పున మనిషి మీదికి వెళ్లిపోతుంది.

మన దగ్గరి ఉత్తరాలు

ఈ విషయంలో భారత క్రికెట్‌కు తగిలినన్ని దెబ్బలు మరే ఆటకూ తగిలి ఉండవు. 2005 సెప్టెంబరు జింబాబ్వే పర్యటనలో, కెప్టెన్సీ వదులుకోమని తనను అడిగారని సౌరభ్ గంగూలీ బులవాయోలో సెంచరీ కొట్టాక విలేకరులకు చెప్పేశాడు. కోచ్ గ్రెగ్ చాపెల్ బోర్డుకు ఈమెయిల్ రాశారు. గంగూలీ శారీరకంగా, మానసికంగా జట్టును నడిపించే స్థితిలో లేడన్నది దాని సారం. బోర్డు పెద్దల కోసం రాసిన ఆ లేఖ పత్రికలకెక్కింది. ఆ తర్వాత గంగూలీ కెప్టెన్సీ పోయింది, కొన్నాళ్లకు జట్టులో చోటూ పోయింది. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి మనవాళ్లు తొలి రౌండులోనే ఇంటికొచ్చేశారు. కోచ్ తమ చిత్తశుద్ధినే శంకించడం బాధించిందని, ఎన్నడూ నోరు విప్పని సచిన్ తెందుల్కర్ బయటికి చెప్పుకోవాల్సి వచ్చింది. మన హైదరాబాదీ వి.వి.ఎస్.లక్ష్మణ్ 2018లో వచ్చిన తన ఆత్మకథలో, కోచ్‌కు కావాల్సినవాళ్లు, కానివాళ్లు అంటూ జట్టు కళ్ల ముందే చీలిపోయిందని రాసుకున్నాడు.

అదే ఏడాది నవంబరులో ఇంకో హైదరాబాదీకి ఇంకా చేదు అనుభవం. వెస్టిండీస్‌లో మహిళల టీ20 ప్రపంచకప్. పాకిస్థాన్ మీద 56, ఐర్లాండ్ మీద 51 కొట్టిన మిథాలీ రాజ్‌ను ఇంగ్లండ్‌తో సెమీఫైనల్‌కు పక్కన పెట్టారు. భారత్ 112కే కుప్పకూలి ఎనిమిది వికెట్ల తేడాతో ఓడింది. కోచ్ రమేశ్ పొవార్ తనను అవమానించారని మిథాలీ బోర్డుకు లేఖ రాసింది. ఆమె జట్టులో ఎవరితోనూ కలవదని, రిటైరైపోతానని బెదిరించిందని పొవార్ తన నివేదికలో రాశారు. రెండూ అంతర్గత పత్రాలే. రెండూ రోజుల తేడాలో మీడియాకు చేరాయి. ఇరవై ఏళ్ల కెరీర్ మీద టీవీ స్టూడియోల్లో పంచాయితీ నడిచింది. తన జీవితంలో ఇంతటి చీకటి రోజు లేదని మిథాలీ వాపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 2021లో పొవార్ మళ్లీ కోచ్‌గా వచ్చారు. అప్పుడు వన్డే కెప్టెన్ మిథాలీనే. ఇద్దరూ 2022 ప్రపంచకప్ దాకా కలిసి పనిచేశారు. అంటే ఆ తగవు తీరనిదేమీ కాదు. రచ్చకెక్కకుండా ఉండి ఉంటే మూడేళ్ల ముందే తీరేదేమో. చాటుగా చెప్పిన మాటను చాటుగానే ఉంచాల్సిన పూచీ ఆటగాడిదీ కోచ్‌దీ మాత్రమే కాదు, ఆ కాగితం చేతికందిన ప్రతి అధికారిదీ. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు ఓడాక డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ గౌతమ్ గంభీర్ ఏమన్నారో పత్రికల్లో వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న లేచింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు శతకం చేసిన మ్యాచ్ అది. కోచ్‌కూ ఆటగాళ్లకూ మధ్య మాటలు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండాలని సిడ్నీ టెస్టుకు ముందు గంభీర్ అనాల్సి వచ్చింది.

చాటుగా చెబితే చాలు, అంతా సర్దుకుంటుందనీ కాదు. 2017 జూన్‌లో అనిల్ కుంబ్లే భారత కోచ్ పదవికి రాజీనామా చేస్తూ, తన పనితీరు మీద కెప్టెన్‌కు అభ్యంతరాలున్నాయని బోర్డు ద్వారా తెలిసిందన్నారు. ఆటగాడికి అద్దం చూపించడమే కోచ్ పని అని ఆయన నమ్మకం. చూడటానికి అవతలి మనిషి సిద్ధంగా లేకపోతే, గదిలో చూపించినా ఫలితం ఉండదు.

లోపల నిప్పులు, బయట అండ

మాంచెస్టర్ యునైటెడ్‌ను 1986 నుంచి 2013 దాకా నడిపి 13 లీగ్ టైటిళ్లు గెలిపించిన అలెక్స్ ఫెర్గూసన్ కోపం జగద్విదితం. ఆటగాడి మొహంలో మొహం పెట్టి అరిచే ఆయన ధోరణికి హెయిర్ డ్రయర్ అని పేరు పెట్టారు. అంతటి మనిషి విలేకరుల ముందుకు రాగానే రిఫరీనో, షెడ్యూల్‌నో తప్పుపట్టేవారు తప్ప తన కుర్రాళ్లను పల్లెత్తు మాట అనేవారు కాదు. తిట్లన్నీ గదిలోనే. బయట మాత్రం తనే అడ్డు నిలబడేవారు. ఆ అండ ఉందన్న ధైర్యంతోనే ఆటగాళ్లు ఆ తిట్లు భరించారు.

ఈ నియమం విషయంలో ఆయన ఎంత పట్టుదలగా ఉండేవారో 2005లో తేలింది. మిడిల్స్‌బ్రో చేతిలో 4-1తో ఓడాక కెప్టెన్ రాయ్ కీన్ క్లబ్ సొంత టీవీ ఛానల్ కార్యక్రమంలో సహచరులను పేరుపేరునా కడిగేశాడు. క్లబ్ ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేయనివ్వలేదు. మూడు వారాలు తిరక్కుండానే, పన్నెండేళ్లు క్లబ్‌కు వెన్నెముకగా నిలిచిన కీన్ వెళ్లిపోయాడు.

నాలుగు గోడలకూ ఒక హద్దుంది. 2003 ఫిబ్రవరిలో ఆర్సెనల్ చేతిలో ఓడాక డ్రెస్సింగ్ రూమ్‌లో ఫెర్గూసన్ కాలితో తన్నిన బూటు ఎగిరి డేవిడ్ బెక్‌హమ్ కంటిపైన తగిలింది. కొద్ది రోజుల్లోనే ఆ గాయంతో బెక్‌హమ్ ఫొటో పత్రికలన్నిటా కనిపించింది. ఆ వేసవిలోనే అతను రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. గదిలో జరిగినదైనా ఒంటి మీద గుర్తు వేస్తే ఇక అది గుట్టు కాదు, దాన్ని శిక్షణ అనడానికీ లేదు. 2002లో ఓవల్ మైదానంలో చెత్త షాట్‌కు ఔటై వచ్చిన వీరేంద్ర సెహ్వాగ్ కాలర్ పట్టుకున్న జాన్ రైట్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. ఇద్దరూ తర్వాత కలిసిపోయారు, రైట్ కోచ్‌గా ఉండగానే సెహ్వాగ్ ముల్తాన్‌లో 309 కొట్టాడు. అంతమాత్రాన కాలర్ పట్టుకోవడం ఒప్పయిపోదు.

అకాడమీ మధ్యలో సింధు

గదికీ, లోకానికీ మధ్య మరో చోటుంది. అది ప్రాక్టీసు జరిగే చోటు. అక్కడ సహచరులుంటారు, బయటివాళ్లుండరు. అసలు చిక్కంతా ఇక్కడే.

బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతి ఇది. రియో ఒలింపిక్స్‌కు ముందు పి.వి.సింధు ఆటలో అన్నీ ఉన్నాయి, కోర్టులో గర్జించే గుణం తప్ప. నెమ్మదస్తురాలు. గోపీచంద్ ఆమెను అకాడమీ కోర్టుల మధ్యలో నిలబెట్టారు. చుట్టూ తోటి ఆటగాళ్లు, కోచ్‌లు. గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. సింధుకు కన్నీళ్లొచ్చాయి గానీ గొంతు రాలేదు. తర్వాత తర్వాత వచ్చింది. 2016 ఆగస్టు 19న రియోలో కరోలినా మారిన్‌తో ఫైనల్ తొలి గేమ్‌ను 21-19తో గెలిచినప్పుడు సింధు వేసిన కేకలు దేశమంతా విన్నది. ఆ మ్యాచ్ పోయినా రజతం వచ్చింది. మూడేళ్లకు బాసెల్‌లో ఒకుహరాను 21-7, 21-7తో చిత్తుచేసి ప్రపంచ విజేత అయింది.

అందరి ముందూ ఏడ్పించడం సరైనదేనా? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అదే పని ఇంకో అమ్మాయికి చేస్తే కిట్ బ్యాగు సర్దుకుని మళ్లీ రాకపోవచ్చు. సింధు విషయంలో నెగ్గుకొచ్చిందంటే అందుకు కారణాలున్నాయి. చిన్ననాటి నుంచీ ఆమెను చూస్తున్న గురువాయన. నువ్వు పిరికిదానివని ఆయన ముద్ర వేయలేదు, ఒక పని చెప్పి చేయమన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా అదే క్రమశిక్షణలో నలుగుతున్నవాళ్లు. అన్నిటికీ మించి, ఆమె స్థాయి ఏమిటో ఆయనకు నమ్మకం ఉంది, ఆ నమ్మకం ఆమెకూ తెలుసు.

ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్‌కు అయిదు టైటిళ్లు తెచ్చిన గ్రెగ్ పొపోవిచ్ కూడా జట్టు ముందే తిట్టేవారు. అయితే ముందుగా చీవాట్లు తినేది జట్టులోకెల్లా పెద్ద ఆటగాడు టిమ్ డంకనే. డంకన్ నోరెత్తకుండా వింటుంటే, బెంచి మీది పదో ఆటగాడు చిన్నబుచ్చుకోవడానికి ఏముంటుంది? మన దగ్గర చాలా జట్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. స్టార్ తప్పు చేస్తే కళ్లు మూసుకుంటారు, కొత్త కుర్రాడు క్యాచ్ వదిలితే అందరి ముందూ ఉతికి ఆరేస్తారు.

ఈ మధ్య చోటు కూడా ఇప్పుడు కుంచించుకుపోతోంది. బ్యాడ్మింటన్‌లో ఒకరి స్కోరు 11కు చేరగానే 60 సెకన్ల విరామం, గేముకూ గేముకూ మధ్య రెండు నిమిషాలు. చెమట తుడుచుకుంటూ, నీళ్లు తాగుతూ ఆటగాడు వినేది ఆ కాస్తసేపే. ఇప్పుడు ఆ మాటల దగ్గరికీ కెమెరా వచ్చి వాలుతోంది. ప్రొ కబడ్డీలో టైమౌట్ తీసుకుంటే కోచ్ అరుపులు మన డ్రాయింగ్ రూముల్లో వినిపిస్తున్నాయి. చూసేవాళ్లకు అది రక్తి కట్టే ఘట్టం. తిట్లు తినే పంతొమ్మిదేళ్ల రెయిడర్‌కు ఊళ్లో అందరూ చూస్తున్నారన్న స్పృహ.

వుడెన్ లెక్క

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జాన్ వుడెన్‌ది చెరగని పేరు. ఆయన శిక్షణలో యూసీఎల్ఏ జట్టు 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిచింది. 1974-75 సీజన్లో రోనాల్డ్ గాలిమోర్, రోలాండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ జట్టు ప్రాక్టీసులో కూర్చుని, వుడెన్ చెప్పే ప్రతి మాటనూ నమోదు చేశారు. మొత్తం 2,326 బోధనా చర్యలు లెక్కకొచ్చాయి. వాటిలో పొగడ్తలు 6.9 శాతం, అసంతృప్తి వ్యక్తం చేసినవి 6.6 శాతం. దాదాపు 75 శాతం ఉత్త సమాచారమే: ఏం చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి. ఎవరైనా తప్పు చేస్తే సరైన పద్ధతి చేసి చూపేవారు, ఆ ఆటగాడు చేసింది చూపేవారు, మళ్లీ సరైనది చూపేవారు. అన్నీ కలిపి కొన్ని సెకన్లే. అందరి ముందే చెప్పినా ఎవరి పరువూ పోయేది కాదు. ఎందుకంటే అక్కడ నడుస్తున్నది పాస్ గురించి, పాదాల గురించి. ఆటగాడి గుణగణాల గురించి కాదు.

కోచ్‌లు తిట్టాలా, పొగడాలా అని మనం వాదించుకుంటాం. వుడెన్ మాటల్లో ముప్పాతిక వంతు ఆ రెండిటికీ చెందనిదే.

తలుపు వేస్తే చాలదు

చాటుగా చెప్పాలన్నామని తలుపు గడియ వేసుకుని ఏమైనా చేయొచ్చని కాదు. బ్రిటన్ జిమ్నాస్టిక్స్‌లో కోచ్‌ల దాష్టీకం మీద ఆన్ వైట్ సమర్పించిన నివేదిక 2022 జూన్‌లో వచ్చింది. 400 మందికి పైగా తమ గోడు రాసి పంపారు. పిల్లలను తిండి, నీళ్ల దగ్గర కూడా ఇబ్బంది పెట్టిన ఉదంతాలు అందులో ఉన్నాయి. అదంతా బయటివాళ్ల కంట పడకుండా ఏళ్ల తరబడి సాగింది.

అందుకే అమెరికాలో సేఫ్‌స్పోర్ట్ సంస్థ ఒక నియమం పెట్టింది. మైనర్ క్రీడాకారులతో కోచ్ ఒంటరిగా మాట్లాడాల్సి వస్తే, అవతలివాళ్లకు కనపడేలా, కావాలంటే ఎవరైనా మధ్యలో రాగలిగేలా ఉండాలి. మాట వినపడకూడదు, మనుషులు మాత్రం కనపడాలి. మన దేశంలో పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చేసిన చట్టం క్రీడా సంస్థలనూ స్టేడియాలనూ పని ప్రదేశాలుగానే పేర్కొంది. ప్రతి అకాడమీ గోడ మీద ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలని తల్లిదండ్రులు అడిగి తీరాలి.

మన వంతు

ఇన్ని అనుభవాలు చూశాక కోచ్‌లకు చెప్పదగ్గది సూటిగానే ఉంది. ఆట గురించిన దిద్దుబాటు ప్రాక్టీసులో అందరి ముందూ చెప్పండి, స్టార్‌కూ కొత్త కుర్రాడికీ ఒకే గొంతుతో చెప్పండి. ప్రవర్తన గురించీ, మనసు గురించీ పక్కకు పిలిచి చెప్పండి. తుది జట్టు నుంచి తప్పిస్తున్నట్టయితే అతను పత్రికలో చదవకముందే మీ నోటితో చెప్పండి. ఓడిన రాత్రి మైకు ముందు ఎవరి పేరూ ఎత్తకండి. అవినీతి, డోపింగ్, వేధింపులు వేరే లెక్క. అవి దాచేవి కావు, నలుగురికీ తెలియాల్సినవే.

ఇక మనం. హైదరాబాద్ టోలీచౌకి నుంచి వచ్చిన మహ్మద్ సిరాజ్ 2019 ఐపీఎల్‌లో విఫలమైనప్పుడు, ఆట మానేసి నాన్నతో ఆటో నడుపుకోమని సోషల్ మీడియాలో రాశారు. జనం మాటలు పట్టించుకోకు, ఇవాళ తిట్టినవాళ్లే రేపు పొగుడుతారని ధోనీ తనకు చెప్పాడని సిరాజే గుర్తుచేసుకున్నాడు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు నాలుగో రోజు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కిందీ, మర్నాడు అయిదు వికెట్ల ప్రదర్శన పూర్తిచేసి భారత్‌ను 6 పరుగులతో గెలిపించిందీ ఆ సిరాజే. నాలుగో రోజు సాయంత్రమే అతని మీద తీర్పు రాసేసినవాళ్లు ఒక్క రాత్రి ఆగి ఉంటే సరిపోయేది.

వేసవి శిబిరాల్లో నెట్స్ బయట నిలబడే అమ్మానాన్నలకు ఒక్క మనవి. బిడ్డ ఔటై వస్తుంటే అందరిలో కేకలేయకండి. ఇంటికి వెళ్లే దారిలో కూడా వెంటనే మొదలుపెట్టకండి. అన్నం తిన్నాక, వాడే మాట కదిపినప్పుడు, ఏం జరిగిందో ముందు వాణ్నే చెప్పనివ్వండి. తర్వాత మీరు చెప్పే మాట ఎంత కటువైనా వాడు వింటాడు.